తెల్లమచ్చల మనీప్లాంటు

అలిగి నంద్యాల పుట్టింటికి పోయిన ఆమె, ఆళ్లగడ్డలో చీరలంగడి నడిపే మొగుడి ఫోన్ పన్నెండో రోజున ఎత్తింది.

"నీ మనీప్లాంటుకు తెల్లమచ్చలు పోతాండాయి. కొత్తాకులు ఉత్త పచ్చగా వస్తాండాయి."

"వెలుతురు లేకుంటే అంతే. ఇంట్లో కిటికీకి అడ్డంగా అంగడి మూటలు పేర్చొద్దని మొత్తుకుంటే ఇన్నారా? దానికే గదా నేనొచ్చేసింది."

"దినామూ నీళ్లు పోస్తాండా."

"దినామా! వేర్లు కుళ్లిపోతాయి. మన్ను ఆరినాకే పోయాల. మచ్చలున్న ఆకు దాకా ఉంచి, ఆపైన పచ్చతీగె కత్తిరించండి."

"నాకు చేతకాదు. నువ్వే వచ్చి కత్తిరించు."

"ముందు ఫోటో పంపండి, చూస్తా."

"ఫోటో ఎందుకులే."

"పంపండి."

చాలాసేపటికి ఫోటో వచ్చింది.

"ఏందీ, కిటికీ కాడ మూటలు లేవే?"

"నువ్వు బస్సెక్కిన దినమే తీసేసినా."

"కొత్తాకు సగం తెల్లగానే ఉంది గదా! మచ్చలు పోతాండాయంటిరే?"





"అంటి."

"మరి ఎందుకట్లా చెప్పినారు?"

"చెట్టు బాగుందంటే నువ్వు రావు గదా."