టార్చి పక్కన అచ్చయిన పేరు

1987 జూలై ఆరవ తేదీన మా నిఘంటు కార్యాలయంలో సహాయ సంపాదకురాలిగా అడుగుపెట్టి, నేడు ప్రధాన సంపాదకురాలిగా పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారిని అభినందించే భాగ్యం నాకు దక్కింది. ఇది భాగ్యమో పరీక్షో తేల్చుకోలేక ఈ వ్యాసాన్ని మూడుసార్లు చించి నాలుగోసారి రాస్తున్నాను.

తొలి ఎనిమిదేళ్లు వారు ఒక్కో మాటకూ అర్థం, పుట్టుక చూపే కార్డులు రాశారు. అనంతరం, ఇతరులు రాసిన కార్డులను ఆధార గ్రంథాలతో సరిపోల్చి, అచ్చుకు అనుమతిస్తూ రెండో సంతకం చేసే గురుతర బాధ్యతను స్వీకరించారు. వారి కన్నుగప్పి ఒక్క కామా కూడా పోయేది కాదు గనుక మేమంతా చాటున వారిని 'రెండో సంతకం' అని పిలుచుకునేవాళ్లం. ఆ సంగతి వారికి మొదటి నుంచీ తెలుసని నాకు నిన్ననే తెలిసింది.

2003లో వెలువడిన సంపుటిలో టార్చి అన్న ఆంగ్ల పదానికి కాగడా, దివిటీ అనే అర్థాలు సరిగానే ఉన్నాయి. పుట్టుక దగ్గర మాత్రం, కాల్చడమనే అర్థంగల లాటిన్ ధాతువు నుంచి వచ్చిందని ఉంది. మండేది కనుక కాల్చడం నుంచే పుట్టి ఉంటుందని, పుస్తకం తెరవకుండా ఆ కార్డు రాసినవాణ్ణి నేను. పాఠకుడొకరు ఉత్తరం రాశాకే తప్పు బయటపడింది. మేడమ్ గారు నన్ను పిలిచి, బల్ల తుడిచే గుడ్డను గట్టిగా మెలితిప్పి చూపించారు.

"నారను ఇదిగో ఇలా మెలిపెట్టి మైనంలో ముంచేవాళ్లయ్యా. మెలితిప్పడం అనే మాట నుంచి వచ్చింది ఇది. కాల్చడం నుంచి కాదు."

తప్పొప్పుల పట్టికలో తప్పు చేసినవారి పేరు కూడా అచ్చువేయడం మా కార్యాలయ ఆనవాయితీ. నాకప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పట్టిక తెరిస్తే, టార్చి పక్కన వారి పేరుంది. ఆ ఒక్క పంక్తిని సాకుగా చూపి ప్రధాన సంపాదక పదవిని వారికి నాలుగేళ్లు ఆపారు. నేను నోరు మెదపలేదు.

నా పేరు బదులు తమ పేరు ఎందుకు వేయించారని వారిని ఒకసారి అడిగాను. "నీ కోసమేం కాదు. ఆ రోజు చూడకుండా సంతకం పెట్టేశాను, తప్పు నాదే," అన్నారు. ప్రతి కార్డునూ మూడుసార్లు చూసే మనిషి చూడకుండా పెట్టారట! నమ్మితే వారిని తక్కువ చేసినట్టు, నమ్మకపోతే వారి మాటను కాదన్నట్టు. ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

మొన్న వారి భర్త నవ్వుతూ, "కరెంటు పోతే మా ఇంట్లో టార్చి అనే మాట ఎవరూ ఎత్తరండీ. ఆవిడ మొహం చిన్నబోతుందని పిల్లలకు భయం," అన్నారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఈ వ్యాసం మొదటి ప్రతిని చించేశాను.

వారి పిల్లలకు, సహోద్యోగులకు మనవి. ఆ తప్పు మేడమ్ గారిది కాదు, నాది. రేపటి నుంచి వారి కుర్చీలో కూర్చోవలసింది కూడా నేనే గనుక, ముందుగా ఈ మాట ఇక్కడ అచ్చు కావాలి.

మేడమ్ గారూ, ఆయురారోగ్యాలతో చాలా కాలం చల్లగా ఉండండి. నన్ను క్షమించానని మీరు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, దాన్ని నమ్మడానికి నాకు అంత కాలమూ కావాలి.