దారం కట్టిన పుస్తకం

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పనులు మానుకుని, దుకాణాలు మూసుకుని ఇంతమంది వచ్చారు. మా బావ మీ నోళ్ళు ఎంత బాగా చూసుకున్నాడో ఈ హాలు చూస్తేనే తెలుస్తోంది. మా అక్క తరఫున, నా తరఫున మీ అందరికీ నమస్కారం.

నన్ను ఎరగనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. పళ్ళ డాక్టరుగారి మరదల్ని. క్లినిక్‌లో ఆయన పక్కన నిలబడి, మీ నోట్లో ఉమ్ము లాగే గొట్టం పట్టుకున్నది నేనే. మీలో ఎవరి పన్ను సొంతం, ఎవరిది కట్టించుకున్నది, అన్నీ నాకు తెలుసు. భయపడకండి, చెప్పను.

పోయిన మా బావ గురించి నాలుగు మంచిమాటలు చెప్పమని పిలిచారు. చెబుదామనే వచ్చాను. కానీ గుమ్మంలో ఆ బ్యానర్ చూశాక మంచిమాట నోటికి రావడం లేదు. ఒళ్ళు మండుతోంది. ఏమని రాశారండీ దాని మీద? "ఒక పాఠకుడు చివరి ఊపిరి దాకా వదలని నవల!" కింద మా బావ ఫోటో. పక్కన అంతకంటే పెద్దగా పుస్తకం బొమ్మ. ఛీ! మనిషి పోయిన ఇంటిముందు అంగడి పెడతారా? 

పబ్లిషరుగారూ, ఫోను చూసుకోకండి, మీతోనే మాట్లాడుతున్నాను. ఆ బ్యానర్ కిందికి దిగేదాకా నేను ఈ మైకు దగ్గర్నుంచి కదలను. నాకు తొందరేం లేదు. ఎలాగూ క్లినిక్ మూసేశాం.

అయ్యా, అమ్మా, మా బావకి రెండే పిచ్చులు. ఒకటి పళ్ళు. రెండోది ఈ మంత్రాల నవలలు, అంతరిక్షం నవలలు. కొత్తది ఏది వచ్చినా ఆయనకి కావాల్సిందే. మధ్యాహ్నం భోజనం కాగానే పేషెంట్ల కుర్చీలో తనే వెనక్కి వాలి, ఆ పెద్ద లైటు నెత్తిమీదకి లాక్కుని చదివేవాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి పేషెంటు పని అయిపోయినట్టే! "నోరు తెరవండి" అనేవాడు. లోపల దూది కుక్కేవాడు. ఇక మొదలు.

ఏమనేవాడు? గుర్తుందా? "వెయ్యేళ్ళ మాంత్రికుడట. గడ్డం నేలకి తగులుతోంది గానీ ఒక్క పన్నూ ఊడలేదట. దేంతో తోముకుంటున్నాడో కాస్త చెప్పొచ్చుగా!" "ప్రపంచం అంతమైపోయి జనం ఎలకల్ని తింటున్నారు, ఈ పిల్లకి షాంపూ ఎక్కడిది?" "వేరే గ్రహం నుంచి దిగాడు, దిగీ దిగగానే ప్రేమలో పడ్డాడు. అంత దూరం వచ్చింది ఇందుకా?" డ్రాగన్ల సంగతైతే చెప్పక్కర్లేదు. సందుకొకటి పడుకుని ఉంటున్నాయి వీధికుక్కల్లా, అనేవాడు. పుట్టకముందే ఈ కుర్రాడు గెలుస్తాడని జోస్యం చెప్పేస్తే ఇక నేను చదవడం దేనికి, అనేవాడు. పోస్టుమాస్టరుగారు, అదిగో ఆ వరసలో నవ్వుతున్నారే, ఆయన ఎదురు చెప్పాలని చేతులు తెగ ఊపేవారు. ఊపితే ఏం లాభం? నోట్లో దూది. "మీరూ ఒప్పుకున్నారన్నమాట" అని మా బావ ఇంకో నవల అందుకునేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నదారం ఉంటుంది కదా, చదివి చదివి విసుగు పుట్టిన పేజీలో ఆ దారం పెట్టి, పుస్తకం చుట్టూ తిప్పి ముడేసేవాడు. "నేను ఇక్కడ దిగిపోయాను, ఆపైన మీ ఇష్టం" అని దానర్థం. వెయిటింగ్ రూము బీరువాలో చూశారుగా, కొత్త పుస్తకాలన్నీ కట్లు కట్టుకుని ఆస్పత్రిలో పడుకున్నట్టే ఉంటాయి. దారం లేని పుస్తకం కనపడితే చాలు, పన్నునొప్పితో వచ్చినవాళ్ళు కూడా దానికోసం పోట్లాడుకునేవాళ్ళు.

అలాగని ఆయనకి ఏదీ నచ్చదనుకోకండి. ఆ మధ్య ఎవరో కొత్తావిడ రాసిన చిన్న నవల ఒకటి వచ్చింది. చంద్రుడి మీద బట్టలుతికే మనిషి కథ. అక్కడ నీళ్ళకి కరువు. అందుకని ఆవిడ ఉతకడానికి ముందు ఒక్కో మరకా చూసి, ఎవరు ఏడ్చారో, ఎవరు పడ్డారో, ఎవరికి ఇంటిమీద బెంగగా ఉందో తెలుసుకుంటుంది. అంతే కథ. యుద్ధం లేదు, జోస్యం లేదు. అది చదివిన రోజు మా బావ కుర్చీలోంచి లేవలేదు. బయట పేషెంటు దవడ పట్టుకుని మూలుగుతుంటే నేను లోపలికొచ్చి చూశాను. కళ్ళు తుడుచుకుంటున్నాడు! "మరదలు పిల్లా, చంద్రుడి మీదైనా మాసిన బట్ట మాసిన బట్టేనే" అన్నాడు. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ మందు చీటీతో పాటు ఆ పుస్తకం పేరు కూడా రాసిచ్చాడు. మందు కొన్నారో లేదో గానీ పుస్తకం కొన్నారు.

అదీ ఆయన. మంచిది ఎక్కడో ఒకటి ఉంటుందని నమ్మి ఇంత చెత్త తిరగేసిన మనిషి. కోపమంతా ఆ ఆశలోంచే వచ్చేది.

ఇక వేదిక మీద కూర్చున్న, ఆ బ్యానర్ నవల రాసిన రచయితగారి సంగతి. అయ్యా, మీరూ మా పేషెంటే. ఈ నవలదే ఆరో భాగం చంకలో పెట్టుకుని, చెంప వాచిపోయి వచ్చారు. మా బావ మీ పన్ను ఎంత శ్రద్ధగా చూశాడో నాకు తెలుసు, పక్కనే ఉన్నాను. నొప్పి తగ్గాక మీరే అడిగారు, నా నవల ఎలా ఉందని. "పన్ను బతికించానండీ. నవల మాత్రం నా వల్ల కాదు" అన్నాడు. మొహం మీదే అన్నాడు. మీరు నవ్వారు కూడా. అప్పుడు నవ్వి, ఇప్పుడు ఆ బ్యానర్ దాటుకుని వచ్చి ఇక్కడ ఎలా కూర్చోగలిగారు? సిగ్గనిపించలేదా?

మీకు తెలుసా, బ్యానర్ మీది ఈ మాటే పేపర్లో ప్రకటనగా పడిన దగ్గర్నుంచి మా అక్క ఏం చేస్తోందో? పరామర్శకని పబ్లిషరుగారు ఏడు భాగాలూ ఇంటికి పంపారు, రంగుకాగితం చుట్టి మరీ. అవి చదువుతోంది. తిండీ తిప్పలూ మాని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చదువుతోంది. నాకు నిన్ననే తెలిసింది. "ఇందులో ఏముందే? ఆయనకి ఆఖర్న నచ్చింది ఇదా? నాకేం అర్థం కావడం లేదే. ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ మనిషిని తెలుసుకోలేకపోయానా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. పుస్తకాలు అమ్ముకోండి, ఎవరు వద్దన్నారు? మా అక్కకి మిగిలిన మనిషిని ఆమెకి కాకుండా చేసి అమ్ముకుంటారా? అసహ్యం వేస్తోందండీ!

అక్కా, ఇలా చూడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఏం జరిగిందో నన్ను చెప్పనీ.

భోజనమైంది. కుర్చీలో వాలాడు. ఏడో భాగం చేతిలో ఉంది, ఊళ్ళో చెప్పుకున్నది అంతవరకు నిజమే. నేను సామాన్లు కడుగుతున్నాను. కాసేపటికి పిలిచాడు. "రాజుగారు ఇంకా గుర్రం ఎక్కలేదే పిల్లా. మొదటి భాగం నుంచి ఎక్కుతూనే ఉన్నాడు. ఆ దారం ఇలా ఇయ్యి." ఇచ్చాను. ముడి వేశాడు. పళ్ళతో దారం కొరికాడు, అలా కొరకొద్దని మనందరికీ చెప్పే మనిషి! నేను నవ్వి కుళాయి వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి లేడు.

ఆ పుస్తకం ఆయన చేతిలోంచి తీసింది నేనే. ఇదిగో, ఈ సంచీలోనే ఉంది. అందరూ చూడండి. ముడి అలాగే ఉంది, నేను ముట్టుకోలేదు. చూశారా ఎక్కడ కట్టాడో? అట్ట తీయగానే ఉండే ఆ రాజుగారి రాజ్యం మ్యాపు దాటి రెండు కాగితాలు కూడా పోలేదు.

తీసుకో అక్కా. ఆయన నీకు తెలిసిన మనిషే. ఆఖరి నిమిషం దాకా నీకు తెలిసిన మనిషే. ఇంటికెళ్ళాక ఆ ఏడు భాగాలూ అవతల పడెయ్. బట్టలుతికే ఆవిడ కథ నేను తెచ్చిస్తాను, ఇద్దరం కలిసి చదువుదాం.

ఏమండీ, తలుపు దగ్గర ఎవరు? పోస్టుమాస్టరుగారా? స్టూలు జాగ్రత్త, పడతారు. ఆ రెండో మేకు కూడా ఊడదీయండి. ఆఁ, దిగింది బ్యానర్. చుట్టి మూల పెట్టండి, పబ్లిషరుగారు పోతూ పట్టుకుపోతారు.

ఇప్పుడు అందరూ లేవండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూర్చునే ఉండండి, ఆయనేం అనుకోడు. ఇన్నేళ్ళూ మన నోళ్ళు తెరిపించి ఆయన మాట్లాడాడు. మనకి ఒక్క మాట అనే వీలివ్వలేదు. ఇవాళ కావలసినంత వీలుంది, కానీ వినడానికి ఆయన లేడు. అందుకని కాసేపు, ఎవ్వరూ ఏమీ అనకుండా, నోరు మూసుకుని నిలబడదాం.