ఉమ్మడి తాళం

హలో… ఆ, నేనే వదినా. పడుకున్నావా?… కాలు ఎలా ఉంది?… కట్టు ఎప్పుడు విప్పుతారట?… సరే, కదపకు. నీతో ఒక్క అయిదు నిమిషాలు పనుంది.

కాదు, ఇంటి సంగతి కాదు. ఆఫీసుదే.

ఆ, రోగుల నరంలోకి మందెక్కించే ఆ పంపు సాఫ్ట్‌వేరే. అన్నయ్య రెండు నెలలు కూర్చుని రాశాడే, అది. అలారం ఊరికే మోగుతోందని నర్సులు గోలపెడుతున్నారుగా, దాన్ని సరిచేసిన వెర్షన్… నాలుగింటికి ఆసుపత్రుల మిషన్లన్నీ దాన్ని తీసుకోవాలి. ఇప్పుడు మూడుంబావు.

అదే కదా గొడవ! పొద్దున్నించీ నా ప్రాణం తోడేస్తోంది. బిల్డ్ శుభ్రంగా అవుతోంది. పబ్లిష్ కూడా సక్సెస్ అని పచ్చగా చూపిస్తోంది. తీరా మిషన్లు తీసుకునే రిపాజిటరీలోకి వెళ్ళి చూస్తే— పైన పేరు కొత్తది, లోపల సరుకు పాతది!

కాష్‌లో మిగిలిన పాత కాపీ అనుకున్నా ముందు. తుడిచేశా… డిస్కులో చోటు బోలెడుంది… అనుమతులూ చూశా వదినా, నేనేమన్నా నిన్న చేరానా?… చెక్‌సమ్‌లు పక్కపక్కన పెట్టి చూశా. నువ్వే అనేదానివిగా, ఫైలుకి అది వేలిముద్ర లాంటిదని. మనం పంపినదాని వేలిముద్ర వేరు, అక్కడున్నదాని వేలిముద్ర వేరు… ఆ, పాత వెర్షన్‌దే. అచ్చంగా అదే.

అంటే ఏంటి? మిషన్ తప్పు కాదు, మనిషి పని. మనం కొత్తది పెట్టగానే ఎవరో లోపలికొచ్చి, దానిమీద పాతది పెట్టి చక్కా పోతున్నారు. ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే లాగ్‌లో కనిపిస్తోంది.

ఏ పేరుతోనా?… అక్కడే ఉంది తెలివి. సొంత పేరుతో రాలేదు. పబ్లిష్ చేసే ఉమ్మడి ఖాతా ఉంది చూడు, దాంతో వచ్చారు. ఆ తాళం ఉన్నది ముగ్గురి దగ్గర. నేను, నువ్వు, మన గళ్ళచొక్కా.

అదే, మొన్న చేరినాయన. రోజూ గళ్ళచొక్కాలే వేస్తాడే… నాకు మొదటినుంచీ అనుమానమే. మనం దగ్గరికి వెళ్తే చాలు స్క్రీన్ మార్చేస్తాడు. పాత కంపెనీ ఎందుకు మానేశారంటే నవ్వి ఊరుకుంటాడు. ఇవాళ నేను, ఎవరో కావాలనే చేస్తున్నారని గట్టిగా అన్నానో లేదో, ‘నేను కాదండీ’ అన్నాడు. నేనసలు పేరే ఎత్తలేదు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశా… మేనేజర్‌గారికి చెప్పేశా. కార్డు తీసేసుకుని గాజుగదిలో కూర్చోబెట్టారు. ఇక్కణ్ణించి కనిపిస్తున్నాడు కూడా… ఏం చేస్తాడు, ముందున్న నీళ్ళ గ్లాసు చూస్తూ కూర్చున్నాడు. ఎవరో ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, పెళ్ళామేమో. ఎత్తట్లేదు.

తొందరపడ్డానా? ఆసుపత్రి సరుకు వదినా అది! బొమ్మలాటా?

అందుకే నీకు ఫోన్. పాతది ఏ కంప్యూటర్ నించి వచ్చిందో ఆ అడ్రస్ లాగ్‌లో ఉంది. అంకెలు నాకేం తెలుస్తాయి, సర్వర్లు చూసుకునేదానివి నువ్వు. అది గళ్ళచొక్కాదేనని నువ్వొక్క మాటంటే చాలు, మేనేజర్‌గారు కాగితాలు సిద్ధం చేస్తారు… రేపు చూస్తావా? రేపటిదాకా ఎందుకు? చదువుతా, వినరాదూ.

వెర్షన్ గురించి దిగులుపడకు, మళ్ళీ పంపా. ఈసారి నా చేత్తో, నా ఖాతాతో. పంపి లాక్ కూడా వేశా. ఇంక దాన్ని మార్చడం ఎవడి తరమూ కాదు… ఇందాకే, నీకు ఫోన్ చేసేముందు… హలో?… వదినా, ఉన్నావా?

లాక్ తియ్యాలా?

ఎందుకు?… ‘ఎందుకో తర్వాత చెప్తా’ ఏంటి? నువ్వేనా మాట్లాడేది? పబ్లిష్ ఆగిందంటే కాలికి కట్టుతోనైనా కుంటుకుంటూ వచ్చే మనిషివి!

ఆ… ఆ… ఊఁ… ఉండు. ఇప్పుడేమన్నావ్?… కాదు, దానికి ముందన్నది. ‘మూడుసార్లు పాతది పెట్టారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది’ అన్నావ్.

మూడుసార్లని నేను చెప్పానా?

చెప్పలేదు వదినా. ఎవరో మారుస్తున్నారన్నానంతే. ఎన్నిసార్లో మేనేజర్‌గారికి కూడా చెప్పలేదు… అన్నయ్య ఎలా చెప్తాడు? పొద్దున తొమ్మిదింటికి మీటింగులోకి వెళ్ళినవాడు ఇంకా బయటికే రాలేదు.

ఆ అంకెలు చదువుతా, విను… ఎందుకొద్దు?… చదవక్కర్లేదెందుకు?

అది మీ ఇంటిది. అవునా?

వదినా… ఏడవకు. ఏడిస్తే నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. మెల్లిగా చెప్పు.

ఊఁ… నిన్న సాయంత్రం… అన్నయ్య లాప్‌టాప్ తెరిచిపెట్టి స్నానానికి వెళ్తే… ఊఁ… పరీక్ష ఒకటి ఆపేసి ఉందా? ఏ పరీక్ష?… గాలిబుడగదా?

అంటే… ఊరికే మోగకుండా చేస్తే… నిజంగా గొట్టంలోకి బుడగ వచ్చినా మోగదా?

ఒక్కసారి కూడానా?… నువ్వు నడిపి చూశావా?… ఎన్నిసార్లు?… ఇరవైలో ఏడుసార్లు మోగలేదా! ఏడుసార్లు! ఆ గాలి నరంలోకి వెళ్తే మనిషి—

ఆగు, ఆగు. మాట్లాడకు. తీస్తున్నా… లాక్ వేసింది నేనేగా… తప్పు పాస్‌వర్డట… ఛ, మళ్ళీ కొడుతున్నా… ఆ. వచ్చింది. లాక్ పోయింది. ప్యాకేజీ వెనక్కి లాగేశా… చూస్తున్నా ఉండు… ఎవరూ తీసుకోలేదు. ఒక్క మిషన్ కూడా లేదు… ఒట్టు వదినా. రెండుసార్లు చూశా… మూడూ ముప్పై ఎనిమిది.

నీళ్ళు తాగుతా, ఉండు.

ఆ, చెప్పు. అన్నయ్యని అడిగావా?… ‘ఒక్క పరీక్షేగా, వచ్చేవారం చూసుకుంటా, తారీకు దాటితే నా పరువు పోతుంది’ అన్నాడా… పెద్ద గొడవే అయిందన్నమాట… అన్నం కూడా తినకుండా పడుకున్నాడా… ఊఁ.

మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!… నేను ఆడపడుచునా? పంపు దగ్గర కూడా నేను ఆడపడుచునేనా?… మొగుణ్ణి పట్టిచ్చిందంటారనా… అమ్మ ఏమంటుందో నాకు చెప్పకు, నీకంటే నాకే బాగా తెలుసు… అది సరే, పాతది పెడుతూ కూర్చుంటే ఎన్నాళ్ళు ఆగేది? నేను పెట్టడం, నువ్వు తియ్యడం… ఎవరో ఒకరు విసిగిపోతారనుకున్నావా? నేను విసిగిపోయే రకమా?

కోపమా?… ఉంది. నువ్వు మార్చినందుకు కాదు. మార్చకపోతే ఈపాటికి ఏమయ్యేదో. ఇందాక గళ్ళచొక్కా పేరు ఎత్తినప్పుడు, కార్డు లాక్కున్నారని చెప్పినప్పుడు, తొందరపడ్డావేమో అని ఊరుకున్నావ్ చూడు— అందుకు.

లేదులే, నా మీదే ఎక్కువ. నా దగ్గరున్న సాక్ష్యం ఏంటి? స్క్రీన్ మార్చాడు, నవ్వాడు, నేను కాదన్నాడు. అంతేగా!… తలుపు సందులోంచి చూస్తున్నా. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

వద్దు. సాయంత్రం దాకా ఆగను… వదినా, అన్నయ్య ఉద్యోగం సంగతి నాకు మాత్రం తెలీదా? నా తోడబుట్టినవాడు. కానీ ఆ గదిలో కూర్చున్నాయన కూడా ఎవరికో ఒకరికి తోడబుట్టినవాడే… మేనేజర్‌గారికి నీ పేరు చెప్పాలి. తప్పదు. పాతది పెట్టింది నువ్వని, ఎందుకు పెట్టావో కూడా చెప్తా. ఆ ఇరవైసార్ల ఫలితాలు నాకు పంపు, ఇప్పుడే… అన్నయ్య చేసిందీ చెప్తా. నేను చేసిందే ముందు చెప్తా.

ఉండు, మీటింగు గది తలుపు తెరిచారు.

అన్నయ్య ఇటే వస్తున్నాడు… తెలీదు, ఏమీ తెలీదు. నవ్వుతున్నాడు. ‘వెళ్ళిపోయిందా’ అని దూరం నించే చేత్తో అడుగుతున్నాడు.

అన్నయ్యకి నేను చెప్పను. నేను చెప్తే, నా మీద చెల్లెలి పెత్తనమేంటంటాడు. నువ్వే చెప్పాలి… నిన్న విననివాడు ఇవాళ వింటాడు. ప్యాకేజీ లేదుగా ఇప్పుడు, వినక ఏం చేస్తాడు?… భయపడకు. గొంతు సర్దుకో.

అన్నయ్యా, ఇలా రా… వెళ్ళలేదు… ఆగిపోలేదు, నేనే ఆపా. కూర్చో ముందు… కూర్చోమన్నానా. ఇదిగో, వదిన. లైన్లో ఉంది. నువ్వేం మాట్లాడకు, చివరిదాకా విను.

నేనా? ఆ గాజుగదిలోకి. విన్నాక నువ్వూ అక్కడికే రా.