రహమీమ్ గురువుగారి తల ఎటు ఊగింది

ఎవరూ, రహమీమ్ గురువుగారా? ఆయన మాట నీ చెవినెవరేశారే అమ్మాయ్, మా ఆయనేనా? ఆయన చెప్పింది నమ్మకు. కూర్చో, ఆ చిక్కుళ్ళు ఇలా పెట్టు, ఈనెలు తీస్తూ చెబుతా. మన తిబెరియా ఊళ్ళో ఆ రోజుల్లో యూదు మగపిల్లలకి తోరా గ్రంథం చెప్పింది ఆయనే. గొంతంటే కంచుగంటనుకో. ప్రార్థనా మందిరంలో ఆయన ఎత్తుకుంటే మేడ మీద ఆడవాళ్ళకే కాదు, సరస్సులో పడవలవాళ్ళకీ వినపడేది. ఎప్పుడూ ఒకటే మాట: "మనం కొలిచిన కుంచంతోనే దేవుడు మనకి కొలుస్తాడు! ఫరో రాజు మన పసిగుడ్లని నీళ్ళలో వేయించాడు, వాడి సైన్యం నీళ్ళలోనే పోయింది. రాకుమారుడు అబ్షాలోము తన జుట్టు చూసుకు మురిశాడు, ఆ తలే చెట్టుకి చిక్కుకుంది. హామాను పక్కవాడికని ఉరికొయ్య పాతించాడు, తనే దానికి వేళ్ళాడాడు!" వింటుంటే బాగుండేదే, కాదనను. మా అత్తగారి కాలు విరిగితే, "ఈ కాలు ఎవరి గడప తొక్కనంది?" అని అడిగాడు. ఆవిడ మంచం మీద పడుకుని ఆలోచించి ఆలోచించి, చివరికి ఆ పాపం నాదని తేల్చింది! ఆవిడ సంగతి నీకు తెలీదులే... ఏవిటి చెబుతున్నా? ఆఁ, ఎస్త్రేయా.

ఎస్త్రేయా మా ఎదురింటావిడ. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు, మెర్కాదో. చేపల పడవ మీద పని. పెళ్ళి కూడా కుదిరింది. పస్కా పండగ వెళ్ళాక ఓ మధ్యాహ్నం గాలి లేచి పడవ బోల్తా కొట్టింది. మిగతావాళ్ళు ఒడ్డుకొచ్చారు. ఈతలో వాణ్ణి మించినవాడు లేడే, వాడే పోయాడు. ఎస్త్రేయా చావింటి ఆచారంగా బట్ట చింపుకుని నేలమీద కూర్చుంది. మేం గుడ్లూ పప్పూ పట్టుకెళ్ళి బతిమాలి తినిపిస్తున్నాం. అప్పుడొచ్చాడు గురువుగారు. ఏడుస్తూనే వచ్చాడు, అది చెప్పకపోతే తప్పు. మెర్కాదో ఆయన దగ్గరే చదివాడు మరి. వచ్చి, "ఎస్త్రేయా, దేవుడు ఊరికే ఏదీ చెయ్యడు. నీళ్ళలో పోయాడంటే నీళ్ళతోనే ఏదో జరిగుండాలి. గుర్తు తెచ్చుకోమ్మా" అన్నాడు. ఆవిడ "చలికాలంలో పిల్లి పిల్లల్ని పెడితే... సాకలేక... బకెట్లో..." అంది. ఆయన కళ్ళు మూసుకుని, "అదుగో" అన్నాడు.

అంతే. ఆ ఒక్క ముక్క.

ఆ తర్వాత ఆవిడ సరస్సు వైపు వెళ్తే ఒట్టు. నీళ్ళు మేం తెచ్చి పోసేవాళ్ళం. వీధిలో పిల్లులన్నిటికీ తన కంచంలో చేప పెట్టి తను ఎండురొట్టె నమిలేది. ఇంతలో గురువుగారికి గొంతులో ఏదో కాయ కాసింది. కోశారు. మాట పోయింది. గాలి తప్ప ఏమీ రాదు. ఇంక ఊరు ఊరుకుంటుందా? "నోటితో చేశాడు, నోరే పడిపోయింది, ఆయన కుంచంతోనే దేవుడు ఆయనకి కొలిచాడు!" మా ఆయనైతే బజారంతా చాటాడు. ఎస్త్రేయా సంతోషిస్తుందనుకున్నాం. ఆవిడేమో చీపురు తిరగేసి మా ఆయన మీదకొచ్చింది! "ఇంకోసారి ఆ మాటంటే మూతి పగలగొడతా. ఆయన లెక్క సరిపోతే నా లెక్కా సరిపోయినట్టేగా! నా పిల్లాడు పిల్లిపిల్లలకి బదులా?" అంది. మా ఆయన నోరు మూసుకోవడం నేను చూసింది ఆ రోజే. నాకూ అప్పట్నుంచే తిక్కతిక్కగా ఉంది. హామాను సంగతి సరే. మరి మెర్కాదో?... ఏవిటీ, యోబా? ఏ పాపం చెయ్యకుండానే పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న ఆ యోబు గురించి పిల్లలడిగితే గురువుగారు "పెద్దయ్యాక" అనేవాడట. పెద్దయ్యాను, ఏం తెలిసింది నా మొహం.

మహోపవాసానికి ముందు రోజు ఒకళ్ళనొకళ్ళు క్షమాపణ అడుక్కుంటాం కదా, ఆ మధ్యాహ్నం వచ్చాడాయన ఎస్త్రేయా గుమ్మానికి. నేను పక్కనే ఉన్నా. పెదాలు కదుపుతున్నాడు, శబ్దం లేదు. "వినపడట్లేదు గురువుగారూ" అంది. కోపంగానా, నిజంగానా, తెలీదు. ఆయన మట్టిలో కూలబడ్డాడు. అప్పుడావిడ ఎదురుగా కూర్చుని, "మాట అక్కర్లేదు. తల ఊపండి చాలు. పిల్లిపిల్లల వల్లేనా?" అని అడిగింది.

ఊపాడే. ఊపాడు! నేను ఇంత దగ్గర్లో ఉన్నా. కాదన్నట్టు అడ్డంగా మొదలెట్టాడు, మధ్యలో... ఏమో, అవునన్నట్టు కిందకి వాలింది. తల వణుకు కూడా ఉండేది ఆయనకి. ఏడుపొకటి. మా ఆయన కిటికీలోంచి చూసి అవునన్నాడంటాడు, ఇప్పటికీ. "ఆయన జన్మలో మాట మార్చే మనిషి కాదే" అంటాడు. ఎస్త్రేయా మాత్రం లేచి, ఆయన్ని లేవదీసి, బట్టలకంటిన మట్టి దులిపింది. ఆ సాయంత్రం ఉపవాసం పట్టే లోపల, బిందె తీసుకుని ఒక్కతే సరస్సు వైపు నడిచింది. "కాదన్నాడు, చూశావుగా" అంది నాతో. చూశాననే అన్నా. ఆ చలికాలం వెళ్ళకుండానే గురువుగారు పోయాడు. మరి నేను చూసిందేవిటంటావ్? ఇటు ఇలా మొదలెట్టి... ఇదిగో ఇలా... కాదు, ఇలా...

ఉండు ఉండు, పొయ్యి మీద నూనె కాగిపోతున్నట్టుంది, వెళ్ళి చూడవే.