రాజనర్సయ్య మార్చిన మేత

పంజాగుట్టలో అజీమ్ చాయ్ బండి దగ్గర ధాత్రి మొహం వేలాడేసుకుని నిలబడింది. పరిశోధన చేస్తున్న పిల్ల. ఇరవై ఎలుకలకు వనస్పతి మేత, ఇరవైకి చేపనూనె మేత ఆరు నెలలు పెట్టి, చివరికి కోసి చూస్తే రెండు గుంపుల కాలేయాల్లోనూ కొవ్వు ఒకేలా ఉంది. ఎందుకో చెప్పలేకపోతే ఆమె థీసిస్ లేనట్టే.

పక్కన ఉన్నది ఆ ల్యాబులో ఎలుకలకు మేత వేసే రాజనర్సయ్య. ఎదుటివాళ్లు దిగులుగా ఉంటే కోతలు కోయకుండా ఉండలేడు.

“ఫికర్ చేయకుండ్రి మేడం. ఇరవై ఏండ్ల సర్వీసు నాది. ఎలుకను చేతిల పట్టుకుంటే చాలు, కాలేయంల కొవ్వెంతుందో చెప్త. మొదట్ల పట్టుకుని చెప్పేటోన్ని, తర్వాత తోక చూసి, ఇప్పుడైతే అమీర్‌పేట మెట్రో దిగంగనే వాసనతోని చెప్త.”

“మెట్రో దాకా వస్తదా వాసన?” అన్నాడు అజీమ్.

“నా ముక్కుకొస్తది భాయ్! ఇగ చేపనూనె ఎలుకలు మస్తు హుషారు. ఒకటైతే గొళ్లెం తీసుకుని బయటికొచ్చి, నా రిజిస్టర్ల సంతకం పెట్టి, మళ్ల లోపలికి పోయి గొళ్లెం పెట్టుకునేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా వనస్పతియి, పాపం, కడుపు మోయలేక కూలబడి ఉండేటివి. ఓనాడు ఇరవైకి ఇరవై లేచి నిలబడి దండం పెట్టినయి. ‘నర్సన్నా, మాకు సుత గా మేత పెట్టవా’ అన్నయి.”

“తెలుగులనా?” అన్నాడు అజీమ్.

“మరి నాకు వచ్చింది గదే గద! కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రోజూ మేడం పోయినంక పిడికెడు అటుది ఇటు, పిడికెడు ఇటుది అటు మార్చిన. వారంల గవి సన్నబడి, కమ్మీల సందులకెళ్లి దూరి, కృష్ణానగర్ పోయి సినిమాల వేషాలు సుత వేసినయి!”

అజీమ్ పగలబడి నవ్వాడు. ధాత్రి నవ్వలేదు.

“వనస్పతి మేత తీసి, చేపనూనె ఎలుకలకు వేశారా?”

“మరెక్కడ పారేస్త మేడం? పొద్దుగాల మీరు మిగిలింది తూకమేస్తరు గద. తక్కువైతే దొరికిపోత.”

ఇది కోత కాదని ముగ్గురికీ తెలిసిపోయింది. రాజనర్సయ్య గొంతు తగ్గింది. “వాటిని చూస్తే పాపమనిపించింది మేడం.”

ధాత్రికి ముందు కోపం వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది.

“ఆ నలభైనీ కోసింది నేనేనండీ. ఒక్కటి కూడా బతకలేదు, ఒక్కదాని వల్లా ఏమీ తెలియలేదు. ఇప్పుడు ఇంకో నలభై తెప్పించాలి.”

రాజనర్సయ్య చాయ్ తాగడం ఆపేశాడు. “వాటిని సుత కోస్తరా?”

“కొయ్యాలిగా,” అంది ధాత్రి.