కాయితం మీద అన్న

గా నులక జర పక్కకు పెట్టరా ఐలేశం. మంచం ఎటు పారిపోదు. అన్న ఇంటికొస్తే తలెత్తవా? పొద్దటి సంది నాలుగు మాట్ల వచ్చి పోయిన. నాలుగు మాట్లా మరదలే నీళ్ళిచ్చింది. నువ్వు ‘ఊ’ అని కూడా అనలే.

కూసో అనకున్నా కూసుంట. కాళ్ళు గుంజుతున్నయి.

ఊరంత ఒక్కటే మాట. ‘జానయ్యకు నూనెమిల్లుల నౌకరి దొరికింది, మిఠాయి ఏది’ అని. ఏం మిఠాయి! పాత మిల్లు మూతపడి మూడేండ్లాయె. ఈ మూడేండ్లు నేను ఎట్ల ఎల్లదీసిన్నో నీకెర్కే గని, ఒక్కటి ఎర్కలేదు. ఇయ్యాల చెప్త, విను.

పొద్దుగాల మీ వదినె సద్ది కట్టిస్తుండె. కూలి దొరికిందని చెప్పి బయలెల్లేటోన్ని. ఎక్కడి కూలి? నెలకు నాలుగు దినాలు దొరికితే ఎక్కువ. తక్కిన దినాలు హుజూర్‌నగర్ బస్టాండుల కూసుంటుంటి. బస్సెక్కి యాడికో పోయేటోని లెక్క, సద్దిమూట ఒళ్ళె పెట్టుకోని. పగటీలి తిని, పొద్దు గూకంగ ఇంటికొచ్చి ‘అబ్బ, నడుములు పోయినయి’ అంటుంటి. సుగుణమ్మ ఏడినీళ్ళు పెడుతుండె! ఆ ఏడినీళ్ళు పోసుకుంటాంటే ఒళ్ళంత మండేది తమ్మీ.

ఆడ కండక్టరు సైదులు ఉన్నడు సూడు, దినాం సూసి సూసి ఓ దినం ‘ఏ ఊరు పోవాలె తాతా?’ అన్నడు. తాత! నలభై మూడేండ్లకే తాతనైపోతి!

నవ్వొస్తలేదా? నాక్కూడా రాలే.

మొన్నటి దాంక నువ్వు మంచిగనే ఉన్నవు. నిన్న చాయ్ కొట్టుకాడ దుర్గయ్య ‘మీ అన్నకు ముప్పై నాలుగేండ్లంట గదా’ అని నవ్విండంట. గప్పటి సంది గిట్ల మూతి బిగవట్టినవు. నీకు లెక్క దొరికింది. సదువుకున్నోనివి, దొరకకుంటదా?

సగమే దొరికింది నీకు. తక్కింది నా కాడున్నది.

మిల్లుల జాగా ఖాళీ ఉన్నదని చెప్పింది నువ్వే, అది మరువలే. ‘ఇద్దరం పోదాం అన్నా, ఎవలకొచ్చినా ఒకటే’ అంటివి. ఒకటేనారా? నోటితోని అననీకి ఒకటే.

ఆ గుమస్తా బందరు దిక్కాయన, కొత్తగొచ్చిండు. మంచోడే. నన్ను కుర్చీల కూసోమన్నడు! మనల్ని కుర్చీల ఎవడు కూసోమన్నడురా, పుట్టి బుద్ధెరిగినంక? ముందే చెప్పిండు, ‘ఒక్కటే ఖాళీ ఉందయ్యా. ముప్పై అయిదు దాటితే పనికిరారు. ఇద్దరూ సరిపోతే చిన్నవాడికిస్తాం’ అని. నువ్వు బయట నిలవడ్డవు, నీకు ఈ మాట ఇనవడలే. నేను లోపల ఉంటి. పెద్దోన్ని గద, ముందు నేనే పోతి. పెండ్లి పంక్తిల ముందు, కల్లుకాడ ముందు, గాడ కూడ ముందే!

‘ఏ సంవత్సరంలో పుట్టావు?’ అన్నడు. మనకు తెలిసిందేంది? అవ్వ చెప్పిన సాలు, పోలీస్ పటేలు బుక్కుల ఎక్కిచ్చిన సాలు. ‘ఇరవై అయిదుల సార్’ అన్న. మన ఫసలీ లెక్కల పదమూడు వందల ఇరవై అయిదు. నిజాం సర్కారుల పుట్టినోళ్ళందరికి అదే లెక్కాయె. ఆయనకేమెరుక? టక్కున రాస్కున్నడు. ‘పందొమ్మిది వందల ఇరవై అయిదు. ముప్పై నాలుగేళ్ళు. సరిపోయింది’ అన్నడు.

నోరు తెరిచిన. నీ తోడు, తెరిచిన. ‘గది ఇంగిలీసు సాలు కాదు సార్’ అనే మాట నాలిక కొస దాంక వచ్చింది. గప్పుడు ఆ బస్టాండు యాదికొచ్చింది. తెరిచిన నోరు మూసుకోని, తెల్లెంట్రుకలు కనవడకుండ రుమాలు చెవుల దాంక గుంజుకున్న.

ఆయన తప్పు రాస్తే నేనేం జేస్త? అంటే అనొచ్చు. రెండు దినాల సంది నాకు నేను అదే చెప్పుకుంటున్న.

గట్ల సూడకు. అసలుది ఇంక చెప్పలే.

బయటికొచ్చిన. నువ్వు గోడ నీడకు నిలవడి అడిగినవు. ‘పుట్టిన సాలు అడుగుతుండ్రంట. ఫసలీ చెప్పాల్నా అన్నా, ఇంగిలీసు చెప్పాల్నా?’ అని. నీకు రెండు లెక్కలొస్తయి. ఫసలీకి అయిదు వందల తొంభై కలుపుడు నాకు రాదు, నీకొస్తది. నువ్వు ఫసలీ ఇరవై తొమ్మిదిల పుట్టినోనివి. గట్లనే చెప్తే ఆయన ముప్పై ఏండ్లని రాస్కునేటోడు. నాకన్న చిన్నోనివయితివి. జాగా నీకే పోయేది. పోవాల్సింది గూడ నీకే.

‘ఇంగిలీసు చెప్పుర, పాపం ఆయనకు ఫసలీ తెల్వది’ అన్న.

అన్ననా లేదా? యాదికుందా? దాంట్ల ఒక్క అబద్ధం లేదు సూడు. నిజమే చెప్పిన. నిజం చెప్పే నీ నోటికాడి బుక్క గుంజుకున్న.

నువ్వు లోపలికి పోయి, లెక్క కట్టి, పందొమ్మిది వందల పందొమ్మిది అని చక్కగ చెప్పినవు. ‘నలభై, కుదరదు’ అన్నడాయన. బయటికొచ్చి ఏమన్నవు? ‘పోనీ అన్నా, మనింట్లకే వచ్చింది’ అని నా బుజం తట్టినవు. గప్పుడు తిట్టినా బాగుండు. ఆ బుజం ఇప్పటికీ బరువుగనే ఉన్నది.

ఇగో, గీ కాయితం కోసం వచ్చిన. సిగ్గు లేదనుకో, లేదు.

వయసు నిజమే అని ఇంటిపెద్ద సంతకం కావాల్నంట. అవ్వ లేకపాయె, బాపు లేకపాయె. నువ్వు అటు పోంగనే గుమస్తా నన్ను మల్ల లోపలికి పిలిచి ఏమన్నడో ఎర్కనా? ‘ఇందాక వెళ్ళాడే, నలభై ఏళ్ళాయన, మీ అన్నే కదా? ఆయన చేత పెట్టించుకురా’ అన్నడు. నేను తలకాయ ఊపిన. నిన్ను సంకల ఎత్తుకోని జాతరకు తిప్పినోన్ని, నీ ముక్కు తుడిచినోన్ని, ‘అవును సార్, అన్నే’ అన్న.

రేపు పొద్దుగాల ఆరుకు మిల్లు భోంగా కూస్తది. కాయితం లేకుంటే గేటు తియ్యరు.

ఇదంత చెప్పకుంట సంతకం అడిగి పోదామనే వచ్చిన, నాలుగు మాట్లా. నోరు రాకపాయె. సుగుణమ్మకు గూడ తెల్వది. చెప్పిన ఇగ. పెట్టకు. నీ జాగల నేనుంటే పెట్టకపోయేటోన్ని. చింపి పొయ్యిల వెయ్యి, నేనేమనుకోను.

ఏందిరా? కలమెందుకు తీస్తున్నవు?

ఆగు... ఆగు తమ్మీ. కింద ఓ గీత ఉన్నది సూడు. నువ్వు నాకు ఏమైతవో రాయాల్నంట. తమ్ముడని రాస్తే దొరికిపోతం. అన్న... అన్న అని రాయి.

రాసినవా? నీ రాత మంచిగుంటది. మొదటి నుంచి మంచిగనే ఉంటది.

ఒక్క మాటన్న మాట్లాడు. తిట్టు, పోనీ. లేదా? సరే, పోత ఇగ. గొంతు ఎండిపాయె చెప్పీ చెప్పీ...

వద్దు వద్దు, నువ్వు లేవకు. కడవ కాడికి నేనే పోత. పెద్దోనితోని చిన్నోడు నీళ్ళు తెప్పిచ్చుకుంటడా?