చార్మినార్ రూపాయి మీది గీత

ఏంది బిడ్డా, గంత కండ్లు పెద్దగ జేసి ఫోన్ల ఏం జూస్తున్నవు, జర ఇటు తే. ఓ, రూపాయి బిళ్ళనా. అక్షరాలు రెండుసార్లు పడ్డయట, లక్ష ఇస్తరట. ఇసొంటియన్నీ బ్రహ్మచారి ఉంటే ఒక్క చూపుల తేల్చిపారేస్తుండె. ఎవరంటె ఏం జెప్పాలె, హిమశ్రీ, నువ్వు పుట్టకముందు మనిషి. పేరుకు బ్రహ్మచారి గాని ఇద్దరు పిల్లల తండ్రి. సిరిసిల్ల దిక్కు కంసాలోళ్ళు. వాళ్ళ నాయిన ఉక్కు అచ్చులు చెక్కెటోడట. ఆ అచ్చు మీద రేకు వెట్టి సుత్తితోని ఒక్కటేస్తె పువ్వు పడ్తది, ఆకు పడ్తది, సొమ్ములకు గవే. ఆ పని మూలకు వడ్డది, ఈయన సూరత్ వచ్చి మా లింబాయత్‌ల బట్ట నేసే సాంచెల షెడ్డుల ఫిట్టర్ అయిండు. నేనేమో ఆ షెడ్డులనే సాంచె నడిపెటోణ్ణి. అరిగిన పండ్ల చక్రం చేతిలకు తీస్కొని, 'బిక్షపతీ, ఇది ఓ దిక్కు వొరిగి తిరుగుతున్నది, నీ బట్ట ఎడమ అంచుకు గుంజుకపోతది చూడు' అంటుండె. పోయి చూస్తె గట్లనే ఉంటుండె.

ఆదివారం సుట్టీ అయితె మేమందరం సినిమాకు వోతె ఈయన చౌక్ దిక్కు పాత సామాన్ల అంగట్ల కూసునేది. పాత పైసలు ఏరుకుంట. కొనేదేం లేదు, ఊకె చూసుడే. ఒకపారి ఓ బిళ్ళ నాకు ఇచ్చిండు, ఒకదిక్కు బొమ్మ మంచిగనే ఉన్నది, తిప్పితె అదే బొమ్మ ఉల్టా, లోపలికి గుంట వడి. నాకు భయమైంది, ఏదో చేతబడి బిళ్ళ అనుకున్న. ఆయన నవ్విండు. 'అంతకు ముందు కొట్టిన బిళ్ళ అచ్చుకే అంటుకపోయింది రా, అది తియ్యకుంటనే ఇంకో బిళ్ళ వెట్టి కొట్టిండ్రు, పాత బిళ్ళనే దీనికి అచ్చయింది' అన్నడు. అక్షరాలు మబ్బుగ ఉంటె 'అచ్చు ముసలిదైంది' అనేది. మీ డాక్టర్ చదువుల ఎక్స్‌రే పట్టుకొని చెప్తరు గద, గట్ల. ఆ బిళ్ళ కొట్టిన కార్ఖాన మొత్తం ఆయన కండ్లముందట తిరుగుతున్నట్టే చెప్తుండె.

ఆఁ, అసలు ముచ్చట ఇను. మా గల్లీల వెంకటవ్వ అని ఉండె, సాంచెలకు నూలు కండెలు చుట్టేది. ఆమె పెనిమిటి లస్మయ్య చెయ్యి సాంచెల వడ్డది, వేళ్ళు నలిగినయి, ఆపరేషన్ అన్నరు. ఆమె దగ్గర తల్లిగారిచ్చిన వెండి రూపాయలు ఐదు ఉండె, నిజాం కాలంనాటియి, మీద చార్మినార్ ఉంటది చూడు, గవి. నాకు గుజరాతీ వస్తదని నన్ను తోల్కపొయ్యింది. ఓ సేఠ్ దుకాణం, పాత నాణేలు కొంటడు. ఐదు బిళ్ళలు తీసి గుడ్డ మీద పర్శిండు. భూతద్దం వెట్టిండు. మొఖం మారింది. 'ఐదింటికీ ఒక్క జాగల గీత ఉన్నది. మినార్ కాలు కాడ. ఒక్క బిళ్ళను చూసి మూస జేసి అన్నీ పోసిండ్రు, అన్నీ నకలీ' అన్నడు. అని ఊకుంటడా, లేచి నిలవడి, 'పోలీసును పిలుస్త, మీ ఆంధ్రోళ్ళు గిదే దందా వెట్టుకున్నరా' అని ఒర్రుడు. మనం తెలంగాణోళ్ళమన్నా ఆయనకేం ఎర్క. దుకాణం ముందట జనం జమైండ్రు. వెంకటవ్వ తల వంచలేదు. 'మా అవ్వ ఇచ్చినయి, మా తాత పొగాకు అమ్మితె ఒక్కనాడే వచ్చినయి' అంటున్నది తెలుగుల, ఎవలకు సమజ్ కావాలె. నేనేం జేసిన్నంటవా. ముందుగాల ఇది ఇను. 'బ్రహ్మచారిని పిలువు' అన్నదామె. ఆదివారమే గద, ఆయన కూసునే అంగడి ఆడికి దగ్గరనే. ఉరికిన.

ఆయన వచ్చిండు, చేతులకు ఎంత కడిగినా పోని సాంచె నూనె అట్లనే ఉన్నది. సేఠ్ ముట్టనియ్యలే. 'నేను ముట్ట, నువ్వే పట్టుకో, నేను చెప్పినట్టు పెట్టు' అన్నడు వచ్చీరాని హిందీల. ముందు గీతను గోటితోని రాయిపిచ్చిండు. 'లోపలికి దిగిందా, పైకి ఉబ్బిందా?' సేఠ్ రాసి చూసి, ఉబ్బింది అన్నడు. 'ఎవడన్న గీకితె లోపలికి దిగుతది. ఉబ్బిందంటె అచ్చు పగిలింది, ఆ పగుల్లకు వెండి దూరింది.' అయితేంది, మూసల పోసినా ఉబ్బే వస్తది గద అన్నడు సేఠ్. వాడు గూడ తక్కువోడేం కాదు. 'వస్తది. అందుకే ఇప్పుడు గీతలు కొలువు' అన్నడు బ్రహ్మచారి. అబ్బ, అప్పుడు చూడాలె బిడ్డా. ఒక్కటి గోరంత గీత. ఇంకోటి దానికి డబ్బల్. మూడోది మినార్ దాటింది. నాలుగోది అంచు దాక పొయ్యింది. ఐదోదానికి అంచుకాడ అచ్చు ముక్కే రాలింది, ఆడ బొమ్మ లేదు, ఉత్త వెండి గడ్డ. వరుసగ పెట్టిపిచ్చి, 'నకలీ పోసెటోని మూసల గీత పెరుగదు సేఠ్, ఐదు ఐదే తీర్గ ఉంటయి. ఇది ఒక్క అచ్చు రోజురోజుకు పగులుకుంట పగులుకుంట కొట్టిన బిళ్ళలు. ఐదింటి మీద సంవత్సరం చూడు' అన్నడు. సేఠ్ భూతద్దం ఒక్కోదాని మీదికి జరుపుకుంట పోయిండు. మల్ల మొదటికి వచ్చిండు. మల్ల చివరిదాక. ఐదింటికీ ఒక్కటే సంవత్సరం. జనంల కెల్లి ఓ ముసలాయన వంగి చూసి, 'సహీ బాత్ హై' అన్నడు.

సేఠ్ మంచోడే, అద్దం కింద వెట్టి, 'మాఫ్ కరో బహెన్' అన్నడు మెల్లగ. బ్రహ్మచారి ఊకోలే. 'నువ్వు ఒర్రింది గట్టిగ, మాఫీ గూడ గట్టిగ చెప్పు' అన్నడు. చెప్పిండు, గడప దిగివచ్చి, చేతులు జోడించి. ఐదు వరుసగ దొరుకుడు కష్టమని, అనుకున్నదానికి రెండింతలు ఇచ్చిండు. లస్మయ్యకు రెండు వేళ్ళు నిలవడ్డయి. తర్వాత సేఠ్, ఆదివారం ఆదివారం నా దుకాణంల కూసో అని బతిలాడితె బ్రహ్మచారి పోలే. 'ఆడ కూసుంటె ధర జెప్పాలె, నాకు ధర తెల్వది, పగులు తెలుస్తది' అన్నడు. ఓ పొద్దు షెడ్డులనే, చక్రం బిగిస్తనే ఒరిగిండు. చేతిల పాన అట్లనే ఉన్నది.

నేనా. ఆఁ, అడిగినవు గద. నేను ఆమెకు ఏం జెప్పిన్నంటె... సేఠ్ ఒర్రుతుంటె, పోలీసులొస్తె నా నౌకరీ పోతదని నాకు భయమైంది. 'వెంకటవ్వా, ఒప్పుకో, తెల్వక జేసిన అని చెప్పు, బిళ్ళలు ఆడనే ఇడిశి పోదాం' అన్న. అందరి ముందట. ఆమె నా దిక్కు చూసింది. గట్ల చూసినంకనే 'బ్రహ్మచారిని పిలువు' అన్నది. ఆ దినం కెల్లి నాతోని మాట్లాడలే. పక్కపక్క ఇండ్లు, ఒక్కటే నల్లా. పదకొండేండ్లు. బ్రహ్మచారిని పాడె మీద పండవెట్టినంక మోసెటోళ్ళు ముగ్గురే ఉన్నరు, నేను ఓ పక్కకు గోడకానుకొని నిలవడ్డ. ఆమెనే వచ్చింది. 'బిక్షపతీ, నువ్వో దిక్కు పట్టు' అన్నది.

పట్టిన.

...ఆ కిటికీ జర మూసి పెట్టు బిడ్డా, దుమ్మొస్తున్నది. నీ పరీచ్చ రేపా, ఎల్లుండా?